తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని

మన ఇల్లు – మన జాగ్రత్త (నెలనెలా)



గంగాలిన్‌లో చలి మొదలైపోయింది. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీక్కోవడం, గిన్నెలు తోమిన చేతులు పగిలితే వాజలీన్ రాసుకోవడం, అన్నీ మామూలే. పచ్చళ్ళ జాడీలు ఈ చలిలో ఎలా దాచుకోవాలో ఈసారి రాస్తానని పోయిన నెల మాటిచ్చాను. అది వచ్చే నెలకి వాయిదా వేస్తున్నాను, ఏమనుకోకండి. మధ్యలో మా చెల్లి దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది. దాని గురించి మూడు వారాలు మా ఇంట్లో వేరే మాటే లేదు.

చెల్లి వాళ్ళుండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి నాలుగు. మెసేజ్ ఇదీ: "అక్కా, మూడు లింకులు పంపాను. వీటిలో ఏ లాక్ బాక్స్ మంచిదో చూసి చెప్పు. నువ్వు కొన్నావు కదా, నీకు తెలుస్తుంది."

నేను కొన్నది బంగారం దాచుకునే పెట్టె. అదే అనుకుని లింకు తెరిచాను. మంచం పక్కన పెట్టుకునే పిస్టల్ పెట్టె! వేలు పెడితే క్షణంలో మూత లేచే రకం. వెంటనే ఫోన్ చేశాను. "మీ మరిది వచ్చే నెల పిస్టల్ కొంటారట అక్కా. మా వీధిలో రెండిళ్ళు పగలగొట్టారు. కొనొద్దంటే వినట్లేదు. కనీసం పెట్టె అయినా మంచిది కొందామని" అంది.

దానికి తోడు సెప్టెంబరులో అమ్మ తెనాలి నుంచి వాళ్ళింటికి వెళుతోంది, ఆరు నెలలకి. ఈ మాట అమ్మ చెవిన పడగానే, "ఇంట్లో తుపాకీ ఏంటే! పిల్లలున్న ఇల్లు!" అని ఒకటే గొడవ. కాసేపాగి, "సరే, కొంటే కొన్నారు. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్నట్టు చేయకండి" అంది. మూడు వారాలు తిరిగి తిరిగి మేం చివరికి చేరింది ఆ మాట దగ్గరికే.

ఇక్కడ మనకీ ప్రశ్న ఎందుకు రాదు

ముందు ఇక్కడి సంగతి చెప్పుకుందాం. కొత్తగా కాన్‌బెర్రా వచ్చిన వాళ్ళకి ఇది తెలియాలి. 1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక్క మనిషి 35 మందిని కాల్చి చంపాడు. పన్నెండు రోజులు తిరిగేసరికి, మే 10న, అప్పటి ప్రధాని జాన్ హోవార్డ్ ప్రభుత్వం, అన్ని రాష్ట్రాలు కలిసి తుపాకుల మీద జాతీయ ఒప్పందం కుదుర్చుకున్నాయి. జనం దగ్గరున్న సుమారు 6,50,000 తుపాకులను డబ్బిచ్చి కొని నాశనం చేశారు.

ఆ ఒప్పందంలో మన కథకి ముఖ్యమైన మాట ఒకటుంది. తుపాకీ లైసెన్సు కావాలంటే సరైన కారణం చూపాలి, "ఆత్మరక్షణ" అనేది కారణం కాదు. పిస్టల్ అయితే క్లబ్బులో షూటింగ్ ఆడేవాళ్ళకి, కొన్ని ఉద్యోగాల వాళ్ళకి, ఇలా కొద్దిమందికే. వాళ్ళు కూడా దాన్ని సులభంగా కోయలేని మందం ఉన్న ఉక్కు సేఫ్‌లో పెట్టి, ఆ సేఫ్‌ని ఇంటికి బోల్టులతో బిగించాలి. బుల్లెట్లు వేరే తాళం కింద ఉండాలి. ఎలా దాచారో పోలీసులు వచ్చి చూసే వీలుంది. అందుకని "మంచం పక్కన, రెండు సెకన్లలో తెరుచుకునే పెట్టె" అనే ఆలోచనకే ఇక్కడ చోటు లేదు.

"మరి అక్కడా కొనొద్దని చెప్పొచ్చు కదా?" అంటారేమో. చెప్పాను. మా మరిదిగారు తొందరపాటు మనిషి కాదు. ఆయన భయంలో నిజముంది. 2011 నుంచి 2014 వరకు జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాల్లో మన దక్షిణాసియా వాళ్ళ ఇళ్ళే ఏరి ఏరి దోచిన ముఠా ఉంది. దాని నాయకురాలికి 2019లో 37 ఏళ్ళ శిక్ష పడింది. మనిళ్ళలో బంగారం ఉంటుందని ఊరంతటికీ తెలుసు మరి. ఇక 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపిన సంగతి మనలో ఎవరం మర్చిపోలేదు. అక్కడ ఇద్దరు పిల్లలతో ఉన్న మనిషికి ఇక్కడ ట్రామ్ దిగి ఇంటికి నడిచొచ్చే నేను ధైర్యం చెప్పడం తేలికే.

కానీ భయానికి రెండో వైపు కూడా చూడాలి కదా. 2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ వాళ్ళ మరణాలకు మొదటి కారణం తుపాకీ. రోడ్డు ప్రమాదాలు దాని తర్వాతే. అవన్నీ ఇంట్లో జరిగే ప్రమాదాలు కావు. కానీ ఇంట్లో జరిగేవి కూడా అందులో ఉన్నాయి. 2024 నవంబరులో జార్జియాలో మన తెలంగాణ విద్యార్థి ఒకరు సొంత తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయారు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది కూడా ఇదే: పిల్లలున్న ఇంట్లో తుపాకీ లేకపోవడమే అన్నిటికన్నా క్షేమం. ఉండి తీరాలంటే బుల్లెట్లు తీసేసి, తాళం వేసి, బుల్లెట్లు వేరేచోట ఇంకో తాళం కింద పెట్టాలి.

అందుకని చెల్లితో, "కొనాలా వద్దా మీరిద్దరూ తేల్చుకోండి. పెట్టె సంగతి మాత్రం నేను చదివి చెప్తాను" అన్నాను.

నా పెట్టె కథ

చెల్లి నన్ను నిపుణురాలు అనుకుంది కాబట్టి, నా నైపుణ్యం ఏపాటిదో మీకూ చెప్తాను.

రెండేళ్ళ క్రితం ఇండియా వెళ్ళేముందు బంగారం కోసం చిన్న పెట్టె కొన్నాను. వేలిముద్ర, నంబరు, ఎమర్జెన్సీ తాళంచెవి, మూడూ ఉన్నాయి. మూడు తాళాలుంటే మూడింతల భద్రత అనుకున్నాను. బట్టల బీరువా పై అరలో పెట్టాను. మాది అద్దె ఇల్లు, గోడకి కన్నం పెట్టాలంటే ఓనరు ఒప్పుకోవాలి. అడగడానికి మొహమాటపడి బోల్టులు వేయలేదు.

శ్రావణ శుక్రవారం వచ్చింది. మనకి శ్రావణం, కాన్‌బెర్రాకి చలికాలం. అమ్మవారికి వేయడానికి కాసులపేరు తీద్దామని వేలు పెట్టాను. ఎర్ర లైటు. చలికి వేళ్ళు పగిలి ఉన్నాయి, పైగా పసుపు చేతులు. కడుక్కుని మళ్ళీ పెట్టాను. ఎర్ర లైటే. నంబరు కొడదామంటే మూడో అంకె దగ్గర బ్యాటరీ చచ్చిపోయింది. సరే, ఎమర్జెన్సీ తాళంచెవి. ఎక్కడ పెట్టాను? ఇంట్లో ఎవరికీ దొరకని చోట పెట్టాను. నాకూ దొరకలేదు!

అప్పుడు మా ఎనిమిదేళ్ళ పుత్రరత్నం సోఫాలోంచి తల కూడా ఎత్తకుండా, "అమ్మా, దేవుడి గూట్లో కుంకుమ భరిణె వెనకాల ఉంది" అన్నాడు.

ఆ రోజు నవ్వుకున్నాం. వ్రతం అయ్యాక నలుగురికీ చెప్పి మళ్ళీ నవ్వుకున్నాం. చెల్లి మెసేజ్ చూసిన రాత్రి మాత్రం నవ్వు రాలేదు. నా పెట్టె చేసిన పని ఏమిటి? తెరవాల్సిన నాకు తెరుచుకోలేదు. తెరవకూడని పిల్లాడికి దాని తాళంచెవి ఎక్కడుందో ఎప్పట్నుంచో తెలుసు. అందులో ఉన్నది కాసులపేరు కాబట్టి సరిపోయింది.

ఇది మా ఇంటి వింత కాదు. 2006లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో తల్లిదండ్రుల్ని, పిల్లల్ని విడివిడిగా అడిగారు. "తుపాకీ ఎక్కడ పెడతామో మా పిల్లలకి తెలీదు" అన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మంది పిల్లలు "మాకు తెలుసు" అన్నారు. నూటికి దాదాపు నలభై ఇళ్ళు! మనం దాచిపెట్టాం అనుకున్నది మనం మాత్రమే.

పెట్టె కొనేముందు

ఇక అసలు సంగతి. చెల్లి పంపిన మూడు లింకుల్లోనూ పెద్ద అక్షరాల్లో ఉన్నది ఒక్కటే: ఎంత వేగంగా తెరుచుకుంటుందో. ఎంత గట్టిగా మూసుకుని ఉంటుందో మాత్రం ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంది. మనం చదవాల్సింది ఆ కింద ఉన్నది. నేను తెలుసుకున్నవి వరసగా రాస్తున్నాను. పిస్టల్ పెట్టెకే కాదు, బంగారానికి, మందులకి, పాస్‌పోర్టులకి కొనే పెట్టెకి కూడా చాలావరకు ఇవే వర్తిస్తాయి.

ఒకటి, తెరిచే పద్ధతి. వేలిముద్ర పెట్టెలు చూడ్డానికి బాగుంటాయి. కానీ తడి చేతులు, పిండి చేతులు, గోరింటాకు, పగిలిన వేళ్ళు, ఇవన్నీ వాటికి శత్రువులే. మన వంటిళ్ళలో ఈ నాలుగూ ఎప్పుడూ ఉండేవే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. 2023 అక్టోబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఫోర్ట్రెస్ అనే కంపెనీ వేలిముద్ర సేఫ్‌లను దాదాపు 61,000 వెనక్కి పిలిపించింది. వేలిముద్ర నమోదు సరిగా కాకపోతే అది ఎవరి వేలికైనా తెరుచుకునే స్థితిలోనే ఉండిపోతుంది. కొన్నవాళ్ళు మాత్రం నమోదైపోయింది అనుకుంటారు. నమోదు చేయని వేళ్ళకి తెరుచుకుందని 39 ఫిర్యాదులు వచ్చాయి. అలాంటి పెట్టెలోని తుపాకీ వల్ల పన్నెండేళ్ళ బాబు చనిపోయాడని కోర్టులో దావా కూడా పడింది. 2024 ఫిబ్రవరిలో మరికొన్ని కంపెనీల పెట్టెలు కూడా ఇలాగే వెనక్కి వెళ్ళాయి.

నంబరు నొక్కే ఎలక్ట్రానిక్ పెట్టె కొంచెం నయం, బ్యాటరీ బాగుంటే. తప్పు నంబరు నాలుగైదుసార్లు కొడితే కొంతసేపు మొరాయించే రకం తీసుకోవాలి. బ్యాటరీ, కరెంటు ఏమీ లేకుండా మీటలు నొక్కితే లోపల పళ్ళు కదిలి తెరుచుకునే పాతకాలం రకం కూడా ఉంది. ఖరీదు ఎక్కువ, చూపు తక్కువ. కానీ బ్యాటరీ చచ్చేది లేదు, వేలు గుర్తుపట్టకపోవడం లేదు. నాకు అదే నచ్చింది. ఏ రకమైనా కంపెనీ పెట్టి పంపిన నంబరు మొదటి రోజే మార్చాలి. పిల్లల పుట్టినరోజు, ఇంటి నంబరు, పెళ్ళిరోజు పెట్టకూడదు. మన పిల్లలు ముందు ప్రయత్నించేవి అవే.

రెండు, ఎమర్జెన్సీ తాళంచెవి. ముందు తలుపుకి మూడు తాళాలు వేసి, దొడ్డి తలుపుకి తాళంచెవి గుమ్మం మీద పెట్టి వెళ్ళినట్టు ఉంటుంది ఇది. పెట్టె ఎంత గట్టిదైనా ఆ చెవి దొరికితే అంతే. అది ఇంట్లో ఉండకూడదు. బ్యాంకు లాకర్లోనో, ఆఫీసులో తాళం వేసే సొరుగులోనో పెట్టాలి. దేవుడి గూడు, బియ్యం డబ్బా, చీరల మడత, ఇవేవీ రహస్య స్థలాలు కావు తల్లీ. మన అమ్మమ్మలు తాళంచెవుల గుత్తి కొంగున కట్టుకుని తిరిగింది అందుకే.

మూడు, కుదుపు. చవక ఎలక్ట్రానిక్ పెట్టెల్లో తాళాన్ని పట్టి ఉంచేది స్ప్రింగు మీద ఆడే చిన్న పుల్ల. గట్టిగా కుదిపితే అది జారే వీలుంది. 2012లో లాస్ వెగాస్‌లో డెఫ్ కాన్ అనే సమావేశంలో తాళాల నిపుణులు కొన్ని పిస్టల్ పెట్టెలని కొద్ది అంగుళాలు ఎత్తి వదిలితేనే తెరుచుకోవడం చూపించారు. మూడేళ్ళ పిల్లాడు కూడా తెరవగలిగాడు. అందుకని పెట్టె రాగానే ఖాళీగా ఉన్నప్పుడే తాళం వేసి, పరుపు మీద నాలుగు వైపులా పడేసి, ఊపి, మూత సందులో వేళ్ళు పెట్టి లాగి చూడాలి. ఇంట్లో అందరి వేళ్ళూ, పదికి పది, పెట్టి చూడాలి. ఒక్కసారి తెరుచుకున్నా వెనక్కి పంపేయడమే.

నాలుగు, బిగింపు. నాలుగు కిలోల పెట్టె దొంగకి పెట్టె కాదు, చేసంచి. చంకన పెట్టుకుని పోయి తీరిగ్గా పగలగొడతాడు. నేల కాంక్రీటుకో, గోడ లోపలి చెక్క నిలువులకో బోల్టులు వేయాలి. గంగాలిన్ ఇళ్ళలో లోపలి గోడలు ప్లాస్టర్‌బోర్డువి, ఉత్త బోర్డుకి స్క్రూ వేస్తే గట్టిగా లాగితే ఊడొస్తుంది. అద్దె ఇల్లయితే మొహమాటపడకుండా ఓనరుని అడగండి. నేను పోయిన నెల అడిగాను. ఒక్క ఈమెయిల్‌తో ఒప్పుకున్నారు.

అయిదు, బ్యాటరీ. దీనికో అలవాటు చేసుకోండి. ఇక్కడ ఏప్రిల్, అక్టోబరు నెలల మొదటి ఆదివారం గడియారం మారుతుంది కదా, ఆ రోజే పెట్టె బ్యాటరీ, పొగ అలారం బ్యాటరీ చూసేయడం. అమెరికా వాళ్ళకి అది మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం.

ఆరు, జాబితాలు. కొనేముందు ఆ పెట్టె పేరు వెనక్కి పిలిచిన వస్తువుల జాబితాలో ఉందేమో చూడాలి. అమెరికాలో భద్రతా సంఘం సైటులో ఉంటుంది, ఇక్కడ ప్రోడక్ట్ సేఫ్టీ ఆస్ట్రేలియా సైటులో. కాలిఫోర్నియా న్యాయశాఖ పరీక్ష చేసి ఒప్పుకున్న తుపాకీ పెట్టెల, తాళాల జాబితా ఒకటి ఉంది. మనం ఆ రాష్ట్రంలో లేకపోయినా చూసుకోవచ్చు. చెల్లి పంపిన మూడింటిలో రెండు ఈ ఒక్క మెట్టు దగ్గరే పోయాయి.

ఏడు, బుల్లెట్లు. 2005లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం తుపాకీకి తాళం వేయడం, బుల్లెట్లు తీసి ఉంచడం, బుల్లెట్లకీ తాళం వేయడం, రెండిటినీ వేరువేరు చోట్ల పెట్టడం, ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ ఇంట్లో పిల్లలకి జరిగే హాని తక్కువగా ఉండటంతో ముడిపడి ఉంది. మంచం పక్క పెట్టె అమ్మేవాళ్ళు మాత్రం బుల్లెట్లు నింపి లోపల పెట్టమన్నట్టే మాట్లాడతారు. టెక్సాస్‌లో కూడా 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని అజాగ్రత్తగా వదిలితే నేరమే. ఈ మాట మరిదిగారికి తెలీదట.

రెండు సెకన్లు

ఆ బుల్లెట్ల దగ్గరే మా మాట తెగలేదు. వీడియో కాల్‌లో మరిదిగారు, "వదినా, బుల్లెట్లు వేరే గదిలో పెడితే ఇక అది ఉండి ఏం లాభం? దొంగ వచ్చినప్పుడు రెండు సెకన్లలో చేతికి రావాలి కదా" అన్నారు. ఆయన లెక్క ఆయనది. నాకు జవాబు తోచలేదు.

జవాబు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. తెనాలి నుంచి అదే కాల్‌లో ఉంది, అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. "బాబూ, నేను వచ్చిన కొత్తలో నాకు రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. పోయినసారి పది రోజులు నిద్రే పట్టలేదు. చీకట్లో వంటింట్లోకి వెళ్ళి పాలు వెచ్చబెట్టుకుంటాను. మీకు చప్పుడవుతుందని లైటు కూడా వేసుకోను" అంది. అంతే. ఇంకేమీ అనలేదు.

మరిదిగారు చాలాసేపు మాట్లాడలేదు. రెండు సెకన్లలో పెట్టె తెరవచ్చు. ఆ చప్పుడు ఎవరిదో తెలుసుకోవడానికి రెండు సెకన్లు చాలవు.

తర్వాత చెల్లి ఒక మాట తెలివిగా చెప్పింది. "ముందు పెట్టె కొందాం. నెల రోజులు దానితో బతికి చూద్దాం. తర్వాత మిగతాది." నేను సలహా ఇచ్చాను, "పెట్టెలో లడ్డూలు పెట్టి పిల్లలు తీయగలరేమో చూడు" అని. "అక్కా, ఆ పెట్టెలో తీపి ఉంటుందని వాడికి మనమే నేర్పుతామా?" అంది. సిగ్గేసింది. నిజమే కదా! చివరికి మరిదిగారి పాత వాచీ పెట్టారు.

మీటల పెట్టె వచ్చింది, బోల్టులు వేశారు. మరిదిగారు రోజూ రాత్రి ఒకసారి తెరిచి మూసేవారు. రెండు వారాల తర్వాత పాపని పిలిచి, కోప్పడకుండా మామూలుగా, "ఆ పెట్టె ఎలా తీస్తారో తెలుసా?" అని అడిగారు. పాప వేళ్ళతో గాల్లో నొక్కి చూపించింది. మొదట రెండు మీటలు కలిపి, తర్వాత ఒకటి. సరిగ్గా అదే! తలుపు సందులోంచి చూసిందట. పెట్టెలో తప్పేమీ లేదు. గొళ్ళెం మర్చిపోయింది మనుషులు.

నంబరు మార్చారు. గది తలుపు మూసి, ఒళ్ళు అడ్డం పెట్టి తెరవడం అలవాటు చేసుకుంటున్నారు. వీధి వైపు లైట్లు, తలుపుకి గట్టి తాళం, కెమెరా పెట్టించారు. బంగారం బ్యాంకు లాకరుకి వెళ్ళింది. తుపాకీ అయితే ఇంకా రాలేదు. వస్తుందో రాదో నేను అడగలేదు. అది వాళ్ళిద్దరూ తేల్చుకోవాల్సిన విషయం.

మనం గుర్తుపెట్టుకోవాల్సినవి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మలూ, అత్తయ్యలూ! "మీ ఇంట్లో తుపాకీ ఉందా? ఎక్కడుంటుంది? తాళం ఉందా?" అని అడగండి. అల్లుడుగారిని ఎలా అడుగుతాం అనుకోకండి. అడిగే హక్కు మీకుంది, అక్కడ మనవల్ని చూసుకునేది మీరే. మనవల్ని ఎవరింటికైనా ఆడుకోవడానికి పంపేముందు ఆ ఇంటి వాళ్ళనీ అడగమని మీ అమ్మాయికి చెప్పండి. ఇక్కడ గంగాలిన్ వాళ్ళం కూడా, యాస్, మరంబేట్‌మన్ వైపు పొలాల్లో ఉండే స్నేహితుల ఇళ్ళకి పిల్లల్ని పంపేటప్పుడు అడగొచ్చు. రైతుల దగ్గర రైఫిళ్ళు ఉంటాయి, వాళ్ళేమీ తప్పుగా అనుకోరు.

ఇల్లు కొన్నప్పుడు గ్యారేజీలోనో, అటకమీదో పాత తుపాకీ, బుల్లెట్లు దొరికితే ముట్టుకోకుండా పోలీసులకి ఫోన్ చేయండి. 2021 జూలై 1 నుంచి దేశమంతా శాశ్వత క్షమాభిక్ష అమల్లో ఉంది. రిజిస్టర్ కానివి అప్పగిస్తే కేసు పెట్టరు.

ఇంకో మాట మెల్లగా చెప్పాలి. తాళం పిల్లల నుంచి, దొంగల నుంచి మాత్రమే కాదు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉన్నా, పిల్లలు పరీక్షల ఒత్తిడిలో ఉన్నా, భార్యాభర్తల మధ్య చేయి చేసుకునేదాకా వచ్చినా, ఆ రోజుల్లో ఏ పెట్టే చాలదు. తుపాకీ ఇల్లు దాటి వెళ్ళాలి. ఇక్కడ లైఫ్‌లైన్ నంబరు 13 11 14. గృహహింసకి 1800 737 732. అమెరికాలో దిగులుకి 988. ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి, మీకు కాకపోయినా పక్కింటి పిల్లకి పనికొస్తుంది.

ఇక మన ఇళ్ళలో తుపాకీ లేకపోయినా పిల్లల చేతికి అందకూడనిది ఒకటి ఉంది: ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ మాత్రల సంచి. బీపీ, షుగర్ బిళ్ళలు రంగురంగుల్లో ఉంటాయి, సంచి మంచం మీదే ఉంటుంది. దానికి తాళం ఉన్న చిన్న డబ్బా కొనండి. పొరపాటున పిల్లలు మింగితే పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్ 13 11 26, పిల్లలు మత్తుగా ఉన్నా, ఊపిరి కష్టమైనా సూటిగా 000.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో తాళం వేసిన పెట్టె ఏదైనా ఉంటే, మీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, కోప్పడనని మాటిచ్చి అడగండి: "ఇది ఎలా తెరవాలో నీకు తెలుసా?" ఏమన్నారో నాకు రాయండి, వచ్చే నెల పచ్చళ్ళతో పాటు వేసుకుందాం. తాళంచెవి ఎక్కడ దొరికిందో మాత్రం గ్రూపులో రాయకండమ్మా!

ఉంటాను మరి.